పెద్దవారి మొటిమలు, వాని చికిత్స

మొటిమ యౌవనమునకు చిహ్నమని లోకము తలచుచున్నది. ప్రాచీన వైద్యగ్రంథమైన సుశ్రుతసంహిత కూడ దీనిని యువజనుల ముఖమున పుట్టు పొక్కుగా చెప్పి, బూరుగుచెట్టు ముండ్లతో పోల్చి, ముఖదూషిక యని పేరుపెట్టినది. బూరుగు బోదెపై పొడుచుకొని యుండు ముండ్లను చూచినవారికి ఆ పోలిక యెంత సరియైనదో తెలియును. పదునాలుగు, పదునైదేండ్ల వయసున మొటిమలు వచ్చినపుడు ఇంటివారు చిరునవ్వు నవ్వి, అవి వయసు పొక్కులనియు, వాటియంతట అవే పోవుననియు చెప్పుదురు. చాలమంది విషయమున అట్లే జరుగును.

కాని అట్లు పోనివారును, ఇరువదియైదేండ్లు దాటిన పిమ్మట మొదటిసారిగా మొటిమలు వచ్చినవారును కలరు. ఉద్యోగము, సంసారము, పిల్లల బాధ్యత మీదబడిన తరువాత గడ్డముపైని, దవడల వెంబడిని ఎఱ్ఱని పొక్కులు లేచినపుడు నవ్వి యూరకుండుట సాధ్యము కాదు. "ఈ వయసులోనా?" యను ప్రశ్న ఇంటను, కార్యాలయమునను వినవలసి వచ్చును. ఆ సిగ్గువలన వైద్యునికడకు పోవుటకు వెనుదీయుదురు. త్వరగా పోగొట్టుకొనవలెనను ఆత్రముతో మందుల దుకాణమునకు పోవుదురు. అసలు ప్రమాదము ఇచటనే ప్రారంభమగుచున్నది.

పెద్దవారి మొటిమలకు నమ్మదగిన చికిత్స కలదు. అది వారములకొలది, ఒక్కొక్కపుడు నెలలకొలది సాగు చికిత్స. మూడు దినములలో ముఖమును నున్నగా చేయు లేపనము దొరకినదని సంతోషించువారు పెక్కుమంది అంతకంటె కష్టమైన వ్యాధిని కొనితెచ్చుకొనుచున్నారు. కావున ఏ మందు ఏ పని చేయును, ఎంతకాలమునకు చేయును, దేనిని దగ్గఱకు రానీయరాదు అను విషయములు ప్రతివారును తెలిసికొనదగినవి.

సాకేత్‌లో రెండు దారులు

దక్షిణ ఢిల్లీలోని సాకేత్ పేరు వినగనే తెలుగువారికి అయోధ్య స్ఫురించును. సాకేతమనునది ఆ నగరమునకు మఱియొక పేరు. నేటి సాకేత్ మాత్రము పెద్ద అంగళ్లకును, సినిమాశాలలకును, జిల్లా న్యాయస్థానమునకును, ఆసుపత్రులకును ప్రసిద్ధి. ప్రెస్ ఎన్‌క్లేవ్ రోడ్డుకు ఒకవైపున అద్దాల మేడలు, ఎదుటివైపున ఖిడ్కీ, హౌజ్ రాణీ వంటి పాతపల్లెల ఇఱుకు వీధులు. ఉద్యోగార్థమో, చదువునకో దేశపు నలుమూలలనుండి వచ్చినవారు ఇట్టి పేటలలో అద్దెగదులలో నివసించుచుందురు. వారిలో తెలుగువారును కలరు.

క్రొత్త ఊరికి వచ్చిన కొలదినాళ్లకు ముఖమున మొటిమలు లేచినచో చాలమంది ముందుగా ఢిల్లీ నీటిని నిందింతురు. మొటిమకు మూలము నీటిలో లేదు. ఎండ, చెమట, నిద్రలేమి, మనసులోని ఒత్తిడి ఉన్న మొటిమలను పెంచవచ్చును. కాని వ్యాధి పుట్టునది చర్మములోనే. ఆ సంగతి తెలియనివారు సబ్బులు మార్చుచు, నీటిసీసాలు కొనుచు, రోగము ముదురుచున్న నెలలను వ్యర్థపుచ్చుదురు.

సాకేత్ నివాసికి రెండు దారులున్నవి. ఇల్లు దాటగనే మందుల దుకాణము. అడిగినదే తడవుగా ఏదో యొక గొట్టము చేతికి వచ్చునని చాలమంది నమ్మకము. రెండవ దారి కొంచెము దూరము. సాకేత్ మెట్రో స్టేషనునుండి పసుపు మార్గమున ఉత్తరముగా పోయినచో మాలవీయనగర్, హౌజ్ ఖాస్, గ్రీన్ పార్క్ దాటిన పిమ్మట నాలుగవ స్టేషను ఎయిమ్స్. 1956లో ఏర్పడిన అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ అచటనే యున్నది. దాని కెదురుగా కేంద్రప్రభుత్వపు సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. రెండింటను చర్మవ్యాధి విభాగములు కలవు. దుకాణము పది అడుగుల దూరము, ఆసుపత్రి నాలుగు స్టేషనుల దూరము. ఈ చిన్న తేడాయే అనేకుల ముఖముల భవిష్యత్తును నిర్ణయించుచున్నది.

మొటిమ ఎట్లు పుట్టును?

చర్మములోని ప్రతి రోమకూపమును ఆనుకొని ఒక తైలగ్రంథి యుండును. అది స్రవించు జిడ్డు చర్మమును మృదువుగా నుంచును. ముఖము, ఛాతి, వీపు అను తావులలో ఈ గ్రంథులు పెద్దవి, హెచ్చు. అందువలననే మొటిమలు అచటనే యెక్కువగా వచ్చును. స్త్రీలలోను, పురుషులలోను కూడ నుండు ఆండ్రోజెనులను హార్మోనులు ఈ గ్రంథులను ప్రేరేపించును. జిడ్డు హెచ్చును. అదే సమయమున రోమకూపపు లోపలిపొరనుండి రాలవలసిన మృతకణములు రాలక, ఒకదానికొకటి అంటుకొని, ద్వారమును మూసివేయును.

ఇట్లు మూతపడిన కూపము పైకి తెఱచియున్నచో బ్లాక్‌హెడ్ అనియు, మూసియున్నచో వైట్‌హెడ్ అనియు వాడుక. బ్లాక్‌హెడ్ నలుపు మురికివలన వచ్చినది కాదు; చర్మపు వర్ణకమువలనను, గాలి తగులుటవలనను ఆ రంగు వచ్చును. కావున ఎంత తోమినను అది పోదు. మూసుకొనిన కూపములో క్యూటిబాక్టీరియమ్ ఏక్నెస్ అను సూక్ష్మజీవి వృద్ధిపొందును. అది ప్రతివారి చర్మముపైని నివసించునదే, పరులనుండి అంటునది కాదు. దానివలన శరీరమునకు కలుగు ప్రతిక్రియయే ఎఱుపు, వాపు, చీము, నొప్పి. వాపు లోతునకు దిగినపుడు గడ్డలు కట్టును. అవి మానినను గుంటలు మిగులును.

ఈ నాలుగు సంగతులు, అనగా జిడ్డు హెచ్చుట, ద్వారము మూసుకొనుట, సూక్ష్మజీవి పెరుగుట, వాపు కలుగుట, గుర్తుంచుకొన్నవారికి చికిత్స యంతయు సులభముగా బోధపడును. ప్రతి మందును వీనిలో ఒకదానినో, రెండింటినో అడ్డుకొనుటకే ఏర్పడినది.

పెద్దవారి విషయమున కొన్ని విశేషములు కలవు. ఇరువదియైదు దాటిన పిమ్మట ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలలో హెచ్చు. గడ్డము, దవడ, మెడపైభాగము దీనికి తఱచు స్థానములు. నెలసరికి ముందు వారము పది దినములలో పెరుగుట కూడ సామాన్యము. నెలసరి క్రమము తప్పుట, పైపెదవిపైని గడ్డముపైని వెండ్రుకలు మొలచుట, శరీరము బరువెక్కుట ఇవి తోడైనచో అండాశయములకు సంబంధించిన పీసీఓఎస్ అను స్థితి యుండవచ్చును. అప్పుడు ముఖమునకు మాత్రమే మందు పూసిన చాలదు. రక్తపరీక్షలు, స్త్రీవైద్యురాలి సలహా కావలయును.

కొన్ని ఔషధములవలనను మొటిమలవంటి పొక్కులు వచ్చును. స్టిరాయిడులు, క్షయకు వాడు ఐసోనియజిడ్, మూర్ఛకు వాడు ఫెనిటోయిన్, మనోవ్యాధికి వాడు లిథియమ్ అట్టివి. ఇట్టి మందులను వాడువారు మొటిమలకు భయపడి వానిని తమంతట తాము మానరాదు. క్షయచికిత్సను నడుమ ఆపుట ప్రాణాపాయము. వైద్యునితో చెప్పిన చాలును; ఆయన తగిన మార్గము చూపును. దేహదారుఢ్యమునకై రహస్యముగా స్టిరాయిడు సూదులు వేయించుకొను యువకులకు కూడ ఛాతిపైని, వీపుపైని తీవ్రమైన మొటిమలు వచ్చును. ఆ సంగతి వైద్యునికడ దాచుట తగదు.

పైపూత మందులు

వ్యాధి స్వల్పముగా నున్నపుడు పైపూత మందులే చాలును. వానిలో మొదటి తరగతి రెటినాయిడులు. ఇవి ఏ విటమినుకు సంబంధించినవి. 0.1 శాతపు అడాపలీన్, 0.025 శాతపు ట్రెటినాయిన్ ఈ జాతివే. అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్ తన సహచరులతో కలిసి 1969లో ట్రెటినాయిన్ మొటిమలపై పనిచేయుటను గూర్చి ప్రకటించెను. మూసుకొనిన రోమకూపమును తెఱచుట వీని ముఖ్యమైన పని. పైకి కనిపించు మొటిమను తగ్గించుటయే గాక, రేపు రాబోవు మొటిమను కూడ ఇవి ఆపును. అందువలన మొటిమపై చుక్క పెట్టినట్లు గాక, మొటిమలు వచ్చు తావంతటను పలుచగా పూయవలెను.

వీనిని రాత్రిపూటనే పూయవలెను. ముఖమును కడిగి, తడి పూర్తిగా ఆరిన పిమ్మట, బఠాణీగింజంత మందు ముఖమంతటికి చాలును. ఎక్కువ పూసిన ఎక్కువ గుణము రాదు, మంట మాత్రము వచ్చును. మొదట రెండు వారములు దినము విడిచి దినము వాడి, చర్మము అలవాటుపడిన పిమ్మట ప్రతి రాత్రియు వాడవచ్చును. ప్రారంభమున చర్మము పొడిబారును, పొట్టు రాలును, ఒక్కొక్కరికి మొటిమలు కొంచెము హెచ్చినట్లు కూడ తోచును. ఇది చూచి "మందు పడలేదు" అని పాఱవేయువారు పెక్కుమంది. వారు మానివేసినది గుణము కనిపింపబోవు సమయముననే. ఎనిమిది మొదలు పండ్రెండు వారములు గడువనిదే ఈ మందుల ఫలితమును నిర్ణయింపరాదు. గర్భవతులు రెటినాయిడులను పైపూతగా కూడ వాడరాదు.

రెండవది బెంజాయిల్ పెరాక్సైడ్. 2.5 శాతపు మందే చాలమందికి చాలును. ఇది సూక్ష్మజీవిని చంపును. ఎంతకాలము వాడినను సూక్ష్మజీవి దీనికి లొంగకుండుట జరుగదు. ఇది దీని గొప్ప గుణము. దిండుగలీబులు, తువాళ్లు, రంగుబట్టలు దీనివలన వెలిసిపోవును గనుక తెల్లనివి వాడుకొనుట మేలు. మూడవది అజెలాయిక్ ఆమ్లము. ఇది మొటిమతోపాటు అది విడిచిపోవు నల్లమచ్చను కూడ పలుచబఱచును. మన దేశస్థుల చర్మమునకు మొటిమకంటె మచ్చయే యెక్కువకాలము బాధ కలిగించును గనుక ఇది మనకు ప్రత్యేకముగా ఉపయుక్తము. గర్భవతులకు కూడ వైద్యుని సలహాతో ఈయదగిన మందులలో ఇది యొకటి.

క్లిండామైసిన్ మొదలగు యాంటీబయాటిక్ పూతలు వాడుకలో నున్నవి. వానిని ఒంటరిగా వాడరాదు. ఒంటరిగా వాడినచో కొంతకాలమునకు సూక్ష్మజీవి వానికి లొంగకుండును. బెంజాయిల్ పెరాక్సైడుతో కలిపి వాడుట యుక్తము.

నోటిద్వారా తీసికొను మందులు

వ్యాధి మధ్యమస్థాయిలో నుండి, ఛాతికిని వీపునకును ప్రాకినపుడు పైపూతలకు తోడుగా వైద్యులు యాంటీబయాటిక్ మాత్రలను ఇత్తురు. డాక్సీసైక్లీన్ వీనిలో ముఖ్యము. ఈ మందు కుటుంబముతో ఒక తెలుగువాని పేరు ముడివడియున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున పరిశోధనలకు అధిపతిగా నుండిన కాలముననే, అచట బెంజమిన్ డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. 1948లో లోకమునకు వెల్లడియైన ఆ ఔషధమే టెట్రాసైక్లీన్ కుటుంబమునకు మొదటిది. ఆ సంవత్సరముననే సుబ్బారావు కన్నుమూసెను. నేటి డాక్సీసైక్లీన్ ఆ కుటుంబములోనిదే.

ఇట్టి మందును పదిలముగా వాడుట మన కర్తవ్యము. సాధారణముగా మూడు నాలుగు నెలలకు మించి వాడరాదు. మాత్రతో నిండు గ్లాసెడు నీరు త్రాగి, వెంటనే పరుండక కొంతసేపు కూర్చుండవలెను. లేనిచో గొంతునుండి కడుపునకు పోవు గొట్టమున పుండు పడవచ్చును. ఎండ తగిలినచో చర్మము కందును. గర్భవతులకును, చిన్నపిల్లలకును ఈ మందు తగదు. మాత్రలు మానిన పిమ్మటను రెటినాయిడు పూతను కొనసాగించినచో మొటిమలు తిరుగబెట్టుట తగ్గును.

హార్మోనుల ప్రభావము స్పష్టముగా నున్న స్త్రీలకు వేఱు మార్గములు కలవు. గర్భనిరోధకపు మిశ్రమమాత్రలు వానిలో నొకటి. రక్తపుపోటు కలవారు, రక్తనాళములలో గడ్డకట్టిన చరిత్ర కలవారు, కొన్ని రకముల పార్శ్వపునొప్పి కలవారు, ముప్పదియైదు దాటి పొగత్రాగువారు వీనిని వాడరాదు. రెండవది స్పైరొనోలాక్టోన్. ఇది మూలమున రక్తపుపోటునకును, శరీరపు వాపునకును ఏర్పడిన మందు. ఆండ్రోజెనుల ప్రభావమును అడ్డుకొను గుణము కూడ దీనికి కలదు. బ్రిటనులో 410 మంది స్త్రీలపై జరిగిన పరీక్ష ఫలితములు 2023లో వెలువడినవి. పండ్రెండు వారములకు కనిపించిన గుణముకంటె ఇరువదినాలుగు వారములకు కనిపించిన గుణము హెచ్చని అందు తేలినది. ఓర్పు వహించినవారికే ఫలము దక్కునని దీనివలన కూడ స్పష్టమగుచున్నది. గర్భము ధరింపదలచినవారు ఈ మందును వాడరాదు. మొటిమలకై దీనిని పురుషులకు ఈయరు.

ఐసోట్రెటినాయిన్

గడ్డలు కట్టి, గుంటలు మిగిల్చు తీవ్రమైన మొటిమలకును, ఇతరచికిత్సలకు లొంగని వానికిని ఐసోట్రెటినాయిన్ అను మాత్ర కలదు. 1982లో అమెరికాలో దీనికి అనుమతి లభించినది. పైన చెప్పిన నాలుగు సంగతులను ఒకేసారి అడ్డుకొను మందు ఇది యొక్కటియే. తైలగ్రంథులను కుదించి, చాలమందికి దీర్ఘకాలము ఉపశమనము కలిగించును.

దీని మోతాదు శరీరపు బరువునుబట్టి నిర్ణయింపబడును. ఉదాహరణమునకు, 60 కిలోల బరువు గలవారికి కిలోకు అర మిల్లీగ్రాము చొప్పున దినమునకు 30 మిల్లీగ్రాములు. మొత్తముమీద కిలోకు 120 మిల్లీగ్రాములు చేరవలెనన్న 7,200 మిల్లీగ్రాములు కావలయును. అందుకు 240 దినములు, అనగా ఎనిమిది నెలలు పట్టును. స్వల్పమోతాదు చాలునని తోచినచో వైద్యులు తగ్గించియు ఇత్తురు. పెదవులు ఎండి పగులుట దాదాపు అందఱికి కలుగును. కాలేయమునకును, రక్తములోని క్రొవ్వునకును పరీక్షలు చేయింపవలెను. మనసు కుంగినట్లు తోచినచో దాచక వైద్యునితో చెప్పవలెను.

దీని విషయమున ఒక నియమమునకు మినహాయింపు లేదు. గర్భిణి ఈ మందును తీసికొన్నచో శిశువునకు మెదడు, గుండె, ముఖము, చెవులు వికలమగు ప్రమాదము మిక్కిలి హెచ్చు. కావున స్త్రీలు గర్భము లేదని పరీక్షవలన రూఢిచేసికొనిన పిమ్మటనే దీనిని ప్రారంభింపవలెను. ప్రారంభమునకు ఒక నెల ముందునుండి, వాడునంతకాలమును, మానిన తరువాత ఒక నెలవఱకును గర్భనిరోధము పాటింపవలెను. ఈ కాలమున స్త్రీలుగాని పురుషులుగాని రక్తదానము చేయరాదు; ఆ రక్తము గర్భిణికి ఎక్కింపబడవచ్చును. స్నేహితురాలికి పనిచేసినదని ఆమె మాత్రలను తాను మ్రింగుట ఎంతటి అనర్థమో దీనినిబట్టి ఊహింపవచ్చును.

దుకాణపు లేపనము

ఇపుడు మొదట సూచించిన ప్రమాదమునకు వత్తము. స్టిరాయిడు కలిసిన లేపనము పూసినచో ఎఱుపును, వాపును రెండు మూడు దినములలో తగ్గును. ముఖము తెల్లబడినట్లు కూడ కనిపించును. కారణమేమనగా స్టిరాయిడు వాపును అణచును, రక్తనాళములను కుంచింపజేయును. రోమకూపపు మూత తెఱచుకొనలేదు. వ్యాధి యున్నచోటనే యున్నది. నెలలతరబడి పూసినచో చర్మము పలుచబడును. సన్నని ఎఱ్ఱని నాళములు బయటికి కనిపించును. వెండ్రుకలు మొలచును. ఒకే పరిమాణము గల పొక్కులు గుంపులుగా లేచును. ఎండలోనికిగాని, పొయ్యివద్దకుగాని పోయిన ముఖము మండును. పూత మానినచో రెండు దినములలో మంటయు, ఎఱుపును రెట్టింపగును. తిరిగి పూసిన శాంతించును. ఇట్లు గొట్టమునకు బానిసయైన ముఖమును చర్మవైద్యులు స్టిరాయిడు చెఱచిన ముఖమని పేర్కొనుచున్నారు.

ఈ అలవాటు ఎంత విస్తరించినదో 2011లో భారతీయ చర్మవైద్య పత్రికలో ప్రకటితమైన పరిశీలన తెలుపుచున్నది. దేశములోని 12 కేంద్రములలో ముఖచర్మవ్యాధులతో వచ్చిన 2,926 మందిని పరీక్షింపగా 433 మంది, అనగా నూటికి దాదాపు 15 మంది, ముఖమునకు స్టిరాయిడు పూయుచుండిరి. వారిలో 104 మంది మొటిమలకై పూసినవారు. 126 మంది తెలుపునకో, సామాన్యపు ముఖలేపనముగానో, క్షౌరానంతరమో పూసినవారు. 257 మందికి దానిని సూచించినది వైద్యుడు కాడు. 433 మందిలో 392 మందికి దుష్ఫలితములు కలిగినవి. వానిలో అన్నిటికంటె హెచ్చుగా కనిపించినది మొటిమలు పుట్టుటయో, ఉన్నవి పెరుగుటయో. మొటిమలు పోవుటకై పూసిన మందే మొటిమలను పెంచినదన్న మాట.

హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టిరాయిడు అను మూడింటిని కలిపిన లేపనము వీనిలో మిక్కిలి ప్రచారము పొందినది. ఈ మిశ్రమమునకు మూలరూపమును 1975లో క్లిగ్మన్, విల్లిస్ అను వైద్యులు చర్మపు రంగును పలుచబఱచుటకై ప్రకటించిరి. నేడు దానిని మంగువంటి మచ్చలకు, కొలదికాలము, వైద్యుని కనుసన్నలలో వాడదగినదిగా ఎంచుచున్నారు. అది తెల్లబఱచు లేపనమను పేర ఇంటింట అద్దము ముందు నిలుచుట దాని ఉద్దేశమునకు పూర్తిగా విరుద్ధము.

2018 మార్చిలో కేంద్ర ఆరోగ్యమంత్రిత్వశాఖ ప్రకటన వెలువరించి, 14 రకముల స్టిరాయిడు పైపూతలను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని నిర్ణయించినది. అంతకు పూర్వము పైపూతలకు ఆ నియమమునుండి మినహాయింపు ఉండెడిది. చట్టము చేయదగిన పని చట్టము చేసినది. గొట్టముపైని అక్షరములను చదువుట కొనువాని వంతు. బెటామెథసోన్, మొమెటసోన్, డెక్సామెథసోన్, బెక్లోమెథసోన్ వలె చివర "సోన్" అని యున్న పేరులును, క్లోబెటసాల్, ఫ్లూయోసినోలోన్ అను పేరులును స్టిరాయిడులవి. మొటిమలకని ఇచ్చిన గొట్టముపై ఇట్టి పేరు కనిపించినచో దానిని తిరిగి ఇచ్చివేయవలెను.

ఇదివఱకే నెలలకొలది వాడినవారు భయపడి ఒక్కసారిగా మానుటకంటె చర్మవైద్యుని కలిసికొనుట మేలు. ఆయన క్రమముగా మాన్పించి, మంటను చల్లార్చు మందులను ఇచ్చును. కోలుకొనుటకు నెలలు పట్టవచ్చును. గొట్టమును వెంట తీసికొనిపోవుట మఱువరాదు; ఏమి పూసినారో వైద్యునికి తెలియుట చికిత్సలో సగము.

ఇంటివద్ద పాటింపదగినవి

దినమునకు రెండుసార్లు మృదువైన సబ్బుతో గాని, ముఖము కడుగుకొను ద్రవముతో గాని కడిగికొనిన చాలును. సున్నిపిండితో గట్టిగా రుద్దుట, నిమ్మరసము, వంటసోడా, పండ్లపొడి, పండ్లపేస్టు పూయుట చర్మమును కాల్చుటయే. మొటిమను గిల్లుట, చిదుముట మచ్చకును, గుంటకును దారితీయును. తలకు నూనె దట్టముగా రాచుకొనువారికి నుదుట పొక్కులు లేచును. వారు నూనెను తగ్గించుట మంచిది. జిడ్డులేని, రోమకూపములను మూయని లేపనములనే ఎంచుకొనవలెను. పగలు బయట తిరుగువారు ఎస్‌.పి.ఎఫ్‌. 30కి తక్కువగాని సన్‌స్క్రీన్ పూసికొన్నచో మచ్చలు ముదురకుండును.

ఆహారమును గూర్చి అనేక భయములు ప్రచారములో నున్నవి. మామిడిపండు తినరాదు, గుడ్డు తినరాదు, వేడిచేయునని చెప్పుదురు. పంచదార, తీపిపానీయములు, మైదాపిండి వంటకములు మిక్కిలిగా తినుట కొందఱిలో మొటిమలను పెంచునని పరిశోధనలు సూచించుచున్నవి. పాలవలనను, వ్యాయామశాలలలో త్రాగు వే ప్రోటీన్ పొడివలనను కొందఱికి హెచ్చవచ్చును. ఎవరికి ఏది హెచ్చించుచున్నదో గమనించి దానిని తగ్గించుకొనుట యుక్తము. పథ్యము చికిత్సకు తోడుగా నుండదగినదే గాని చికిత్సకు బదులు కానేరదు.

మిగిలిన గుంటలకు సూదులతోను, లేసరుతోను, ఆమ్లముతోను చేయు చికిత్సలు కలవు. మొటిమలు పూర్తిగా అణగిన పిమ్మటనే, శిక్షణ పొందిన చర్మవైద్యునివద్దనే వానిని చేయించుకొనవలెను. అన్నిటికంటె చౌకయైన ఉపాయము గుంట పడకముందే చికిత్స ప్రారంభించుట.

వైద్యునికడకు ఎపుడు పోవలెను?

రెండు నెలలు పైపూత వాడినను తగ్గనపుడు, లోతైన గడ్డలు లేచినపుడు, మానినచోట గుంటలు పడుచున్నపుడు, నెలసరి తప్పుచున్నపుడు ఆలసింపరాదు. ముఖముపై ప్రతి పొక్కును మొటిమ కాదు. రొజేసియా, బూజువలన కలుగు పొక్కులు చూచుటకు అట్లే యుండును, వాని మందులు వేఱు. మొటిమలవలన అద్దము చూచుటకు, నలుగురిలోనికి పోవుటకు మనసొప్పకున్నచో ఆ కుంగుబాటును కూడ వైద్యునితో చెప్పవలెను. అది అందము కొఱకైన ఆరాటమని ఎవరును తేలిక చేయరాదు.

సాకేత్‌వాసులకు ఎయిమ్స్, సఫ్దర్‌జంగ్ నాలుగు స్టేషనుల దూరముననే యున్నవి. హైదరాబాదున ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులలోను, విశాఖపట్టణమున కింగ్ జార్జి ఆసుపత్రిలోను, గుంటూరు ప్రభుత్వ సమగ్రాసుపత్రిలోను చర్మవ్యాధి విభాగములు కలవు. అచటికి పోయినవారు మందుల చీటితోపాటు ఒక ప్రశ్నను కూడ వైద్యుని అడిగి తెలిసికొనవలెను: "ఇది పనిచేయుటకు ఎన్ని వారములు పట్టును?" ఆ సంఖ్యను పంచాంగముపై గుర్తుపెట్టుకొని, ఆ దినమువఱకు మందును మానకుండుటయు, మార్చకుండుటయు రోగి చేయవలసిన పని. తొందరపడి నడుమ దుకాణపు గొట్టమును ఆశ్రయింపనివారి ముఖము పండ్రెండవ వారమునకు కొంతయైనను తేటపడును. తేటపడనిచో రెండవ మార్గమును, దానికిని లొంగనిచో మూడవ మార్గమును వైద్యునివద్ద సిద్ధముగా నుండును.